పన్నెండు డప్పులు, ఒక ముదురు కోడి

పోయిన నెలలో మా బిడ్డ నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఆదివారం నాకు డ్యూటీ లేదు. డప్పు కొనాలె, నువ్వు రావాలె" అన్నది. అది అక్కడ సర్కారు దవాఖానలో నర్సు. పగలంతా జనానికి సూదులు పొడిచి, సాయంత్రం ఇంకో ఏడుగురు ఆడవాళ్లతో కలిసి డప్పు కొడుతుంది. పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ పిలుస్తున్నారట, అందరూ ఒకే రంగు చీరలు కూడా కొనుక్కున్నారు. నేను వనపర్తిలో అంగన్‌వాడీ టీచర్ని. ఆదివారం ఒక్కరోజే నాకు ఏడుపులు వినపడని రోజు, దాన్ని డప్పుల చప్పుడుకు ఇవ్వడం ఇష్టం లేక, "ఫోన్ల ఆర్డర్ పెడితె ఇంటికే వస్తయంట గదనే, నేనెందుకు" అన్నాను. "నిన్నే తీస్కపొమ్మని తాత చెప్పిండు" అన్నది. ఏ తాత అని అడిగాను. "ఇంకే తాతనే, ఘణపురం తాత" అని ఫోన్ పెట్టేసింది. ఘణపురం తాత అంటే మా మామ, నా మొగుడికి తండ్రి, చేతులు పడిపోయే వయసు రాకముందే డప్పులు చెయ్యడం మానేసిన మనిషి. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన నా గురించి మనవరాలికి ఏదో చెప్పి పోయాడట. అన్నం తినబుద్ధి కాక టీవీ పెట్టుకుని కూర్చున్నాను.

డప్పు చూసి ఏరడం నాకు వచ్చిన మాట నిజమే. అది మామ నేర్పింది కాదు, మా నాయన నేర్పింది. మా నాయనది గట్టు దగ్గరి పల్లె. డప్పు చేసేవాళ్లు ఊరికి ఒకరిద్దరుండేవారు, కొట్టేవాళ్లు వాడంతా ఉండేవారు, చూసి మంచిచెడ్డలు చెప్పేవాడు మాత్రం గట్టు నుంచి గద్వాల దాకా మా నాయనొక్కడే. ఏ ఊరి మేళం వాళ్లు కొత్త డప్పులు కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని పోయేవారు. ఆయన ముందు డప్పును కొట్టేవాడే కాదు. వాసన చూసేవాడు. సున్నంలో నానబెట్టిన తోలు సరిగ్గా కడగకపోతే, తోలును పదును చేసే తంగేడు చెక్క నీళ్లలో ఉండాల్సినన్ని రోజులు ఉంచకపోతే ముక్కు పట్టేస్తుంది. తరువాత ఎండకు పట్టి చూసేవాడు, ఎక్కడ పలచనో ఎక్కడ మందమో, మేక బతికుండగా ఏ ముల్లు గీరిందో అన్నీ కనపడేవి. వేపకొయ్య చట్రం మీద అతుకులన్నీ బొటనవేలితో తడిమేవాడు. ఇంత చేశాక నచ్చకపోతే, చేసినవాడి మొహం మీదే "దీన్ని జొన్నలు సెరుగను పెట్టుకో" అనేవాడు. ఒకాయన పెళ్లాం పిల్లల ముందు ఏడ్చేశాడు. నాయన ఆ డప్పును ఆయన ఒళ్లో పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను, మా నాయనంటే ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఆయనకు రెండు నియమాలుండేవి. చేసినవాడి ఇంట్లో డప్పు చూడకముందు మంచినీళ్లు కూడా ముట్టడు, తిన్న నోరు తప్పు చెప్పదని. రెండోది, వేడి మీదున్న డప్పును చూడడు. తెలియనివాళ్లకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, తోలు డప్పును కొట్టేముందు మంటకు కాచాలి. కాగిన తోలు బిగుసుకుని ఖంగున పలుకుతుంది. అమ్మేవాళ్లందరూ ఈ సంగతి తెలిసినవాళ్లే, కొనేవాడు వీధి మలుపు తిరగకముందే వెనక మంట వేసి పెడతారు. నాయన మాత్రం అరుగు మీద కూర్చుని వానల గురించి, ఎడ్ల గురించి, ఎవరి కోడలు ఎవరితో కొట్లాడిందో దాని గురించి మాట్లాడుతూనే ఉండేవాడు. చేసినవాడికి చెమటలు పట్టేవి. డప్పు పూర్తిగా చల్లారాక అప్పుడు వేలు మడిచి ఒక్క దెబ్బ వేసేవాడు. "కాగినప్పుడు గంపైనా పలుకుతది బిడ్డా. సల్లారినంక ఏమంటదో అదే దాని అసలు మాట" అని నాకు చెప్పాడు. మంచి తోలు చల్లారితే గొంతు కాస్త దిగుతుంది కానీ పోదు. పచ్చితోలు మూగదైపోతుంది.

ఇంత తెలివైన మనిషి నాకు సంబంధం చూసినప్పుడు మాత్రం చల్లారేదాకా ఆగలేదు. ఖిల్లా ఘణపురం దగ్గర డప్పులు చేసే ఇల్లు, ఒక్కడే కొడుకు, పిల్లవాడు డప్పు కొడితే నిలబడి చూడాల్సిందే అని విన్నాడు. వియ్యంకులిద్దరూ కల్లు కుండ మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు, కుండ ఖాళీ అయ్యేసరికి నా పెళ్లి ఖాయమైంది. నా మొగుడి విషయంలో నాయన పొరపాటు చెయ్యలేదు, ఆ మనిషి మెత్తనివాడు. పొరపాటంతా మామ దగ్గర జరిగింది. పది పాసయ్యానని నాకు ఆయన పెట్టిన పేరు పంతులమ్మ. చారులో ఉప్పు తక్కువైతే "పంతులమ్మా, ఇది ఏ పుస్తకంల రాసిండ్రు" అనేవాడు. దానికి నేను తిరిగి ఏదో ఒకటి అనకుండా ఉండేదాన్ని కాదు. మా అత్త ఆదివారం ఆదివారం చర్చికి పోయి మా ఇద్దరి నోళ్ల కోసం ప్రార్థన చేసేది, దేవుడికి అంత తీరిక లేనట్టుంది.

పెళ్లయిన మూడో నెలలో మామ ఒక డప్పు బిగించి వాకిట్లో ఆరబెట్టాడు. కొనడానికి ఇద్దరు వచ్చి కూర్చున్నారు. నేను నీళ్లబిందెతో పోతూ పోతూ చెయ్యి ఆగక వేలు మడిచి కొట్టాను. చెవికి తెలిసిపోయింది. "మామా, ఈ అతుకు కాడ బీట ఉన్నది" అన్నాను. మంచికే అన్నాను, ఇప్పుడైనా అదే చెబుతాను. మామ లేచి, అతుకు దగ్గర చూశాడు, బీట ఉంది. తోలు కోసే కత్తి తీసి డప్పును మధ్యకు నిలువునా చీల్చాడు. "ఆడదాని చెయ్యి వడ్డ డప్పు పీనుగ ముందట కొట్టను గూడ పనికిరాదు" అన్నాడు. ఆ చీరిన డప్పును గుమ్మం పైకమ్మి నుంచి కాస్త కిందకు, వంగితే తప్ప లోపలికి పోలేనంత కిందకు వేలాడదీశాడు. ఇంటికి ఎవరు వచ్చినా "మా పంతులమ్మ పరీక్ష పెట్టిన డప్పు" అని చూపించేవాడు. నాలుగేళ్లు నేను ఆ చిల్లుడప్పు కింద రోజుకు వందసార్లు తల వంచి పోయాను. కడుపుతో ఉన్నప్పుడు కూడా వంగే పోయాను. ఎవరూ దాన్ని తీయలేదు.

ఆ నాలుగేళ్లలో నా మొగుడు ఇంట్లో ఉన్నది తక్కువ. డప్పుల మీద నలుగురికి తిండి ఎల్లడం కష్టమని మా వాడ మగవాళ్లందరితో కలిసి పుణె పోయాడు, బిల్డింగుల కాడ పని. మా బిడ్డకు రెండేళ్లు వచ్చినప్పుడు గట్టు దగ్గర ఒక ఊరి మేళం వాళ్లు పన్నెండు డప్పులు కావాలన్నారు. అవి నచ్చితే ఏటా జాతరకు తమ చుట్టుపక్కల మేళాలన్నిటికీ ఇక్కడే చేయించుకుంటామన్నారు. అంత పని మామ ఒక్కడి వల్ల కాదు, కొడుకు రావాల్సిందే. నా మొగుడు కిరాణా కొట్టుకు ఫోన్ చేసి, "ఆ పన్నెండు పాసైతే చాలు, నేను బస్సెక్కుత" అన్నాడు. నేను ఆ మాట చీర కొంగున కట్టుకుని తిరిగాను. పాస్ చెయ్యాల్సింది ఎవరో వేరే చెప్పాలా, మా నాయనే.

అయితే అది వానాకాలం. గడువు దగ్గర పడింది. ఎండ లేక తోళ్లు ఆరలేదు. తంగేడు నీళ్లలో ఉండాల్సిన రోజులు ఉండకముందే మామ బయటికి తీశాడు. ఆ తోళ్లకు నీళ్లు మోసింది నేనే కాబట్టి నాకు తెలుసు. అబద్ధమెందుకు, మామ మంచి పనివాడు, ఎండాకాలం ఇచ్చి ఉంటే ఆయన డప్పుకు వంక పెట్టేవాడు లేడు. ఆ పన్నెండు మాత్రం ఆయన పేరుకు తగినవి కావు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే ఆ ఆదివారం పొద్దున్నే కొట్టంలో కందికట్టె మంట వేసి, పన్నెండింటినీ తిప్పి తిప్పి కాచి, వెచ్చటి గోడకు ఆనించి పెట్టాడు. మా అత్త చర్చికి పోయింది. పదింటి బస్సుకు మా నాయన, ఆ మేళం పెద్దమనిషి దిగారు. తుంపర పడుతోంది.

వాళ్లు అరుగు మీద కూర్చున్నారు. నేను నీళ్లచెంబుతో చీరిన డప్పు కింద వంగి బయటికి వచ్చాను. మామ ఆ పెద్దమనిషికి డప్పు చూపించి, కథంతా మొదటి నుంచీ చెప్పాడు. పీనుగ మాట కూడా వదల్లేదు. పెద్దమనిషి పడీ పడీ నవ్వాడు. నేను మా నాయన వైపు చూశాను. నాకు వేళ్లు పట్టుకుని అతుకు తడమడం నేర్పిన నాయన, చూపు కింద పెట్టుకుని ఆయన కూడా కొంచెం నవ్వాడు. వియ్యంకుడి మర్యాద కోసం నవ్వి ఉంటాడు. నాకు మాత్రం ఒళ్లంతా మండింది.

మామ చేతులు తుడుచుకుంటూ, "బావా, డప్పులు తయారున్నయ్, జూద్దమా" అన్నాడు. నేను అడ్డం పోయి, "దూరం నుంచి వచ్చిండ్రు, తిననీ మామా. పెద్దమనుషులను ఉత్త కడుపుతోని కూసవెట్టి పని చేయిస్తరా" అన్నాను. పెద్దమనిషి, "అవునమ్మ, పొద్దుగాలకెల్లి చాయ్ నీళ్ల మీదనే ఉన్నం" అన్నాడు. అతిథి ఆకలన్నాక ఇంక మామ ఏమంటాడు? పెరట్లో గుడ్లు పెట్టడం మానేసిన ముసలి కోడి ఒకటుండేది, దాన్నే పట్టి కోశాను. లేతది ఇంకొకటి గంప కింద ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఇంట్లో పొడిగా ఉన్న కట్టెలు కొట్టంలోని కందికట్టె ఒక్కటే, మిగతావన్నీ వానకు తడిసినవే. ఆ కందికట్టెనంతా తెచ్చి పొయ్యి పక్కన పేర్చుకున్నాను. జొన్నపిండి కలపడం మొదలుపెట్టి, ఒక్కొక్క రొట్టె పెళ్లికూతురి చెంప నిమిరినట్టు తట్టాను.

అరగంటకు మా నాయన చెయ్యి కడుక్కునే నెపం మీద వంటింట్లోకి వచ్చాడు. "ఇంకెంత సేపు బిడ్డా? డప్పులు సల్లారుతున్నయ్" అన్నాడు చిన్నగా.

"సల్లారినంకనే జూడాలంటివి గద నాయినా."

"ఈ ఒక్కపారికి వేడి మీదనే జూసి కానిద్దామనుకున్న. పెద్దమనిషి ముందట కూసున్నంక సల్లటి డప్పు కొట్టి నేను అబద్ధం చెప్పలేను బిడ్డా. అల్లుడు ఇంటికి రావాలె గద."

ఆయన జన్మలో ఎవరి కోసమూ తన నియమం తప్పలేదు. నాకోసం తప్పడానికి వచ్చి నిలబడ్డాడు. నేను ఒక కందికట్టె తీసి విరిచి పొయ్యిలో పెట్టాను. "కోడి ముదురుది నాయినా, ఉడకొద్దా" అన్నాను. ఆయన నా మొహం వైపు చాలాసేపు చూశాడు. చల్లారిన డప్పు మీద వేలు వేసే ముందు అట్లాగే చూసేవాడు. తరువాత తల వంచి, చీరిన డప్పు కింద నుంచి బయటికి పోయాడు.

ఇంకాసేపటికి మామ వచ్చాడు. కొట్టంలో కట్టె లేదని వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు. పొయ్యిలో ఉన్న కందికట్టెను చూశాడు, నన్ను చూశాడు. మొగుడు ఇంటికి రాడని తెలిసీ ఒక ఆడది ఇట్లా చేస్తుందని ఆయనకు నమ్మబుద్ధి కాలేదేమో, పొయ్యి దగ్గరికి వచ్చి కూరకుండ వైపు చూశాడు. మూత తీసి ఒక ముక్క నొక్కి చూపించాను. "ఇంకా ఉడకలే మామా" అన్నాను.

తిన్నారు. పెద్దమనిషి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మా నాయన మొదటిసారి డప్పు చూడకముందు అన్నం ముట్టాడు. చేతులు కడుక్కున్నాక పన్నెండు డప్పులూ వరసగా ఆయన ముందుకు వచ్చాయి. ఆయన వాసన చూడలేదు, ఎండ లేదు కాబట్టి వెలుగుకు పట్టలేదు, వేలు మడిచి ఒక్కొక్క దెబ్బ వేశాడు. తడిగుడ్డ నేల మీద పడ్డ చప్పుడు వచ్చింది. పన్నెండుసార్లు అదే చప్పుడు. రెండో దానికే సంగతి తెలిసిపోయింది, అయినా ఒక్కటీ వదలకుండా కొట్టాడు. ఆయన నోట ఎప్పటి చెరుగుడు మాట రాలేదు. "బావా, ఇవి ఇంకా పచ్చి మీదున్నయ్" అన్నాడు. పెద్దమనిషి వచ్చే ఏడు చూద్దామని లేచాడు. మూడింటి బస్సుకు ఇద్దరూ పోయారు. చర్చి నుంచి వచ్చిన మా అత్త, బైబిలు సంచి భుజాన వేసుకునే "ఏమాయె, నచ్చినయా" అని అడిగింది. మామ నా వైపు తిరిగాడు. "వంట మంచిగ చేసినవ్ పంతులమ్మా. కోడి బాగ ఉడికింది" అన్నాడు.

నాకు ఆ రోజు సంతోషమైంది. ఇన్నేళ్ల తరువాత నేనేదో ఏడ్చానని రాస్తే బాగుంటుందేమో కానీ ఏడవలేదు. గిన్నెలు తోముతూ పాట కూడా పాడుకున్నట్టు గుర్తు. సాయంత్రం మామ గుమ్మానికున్న చీరిన డప్పును తీసేశాడు, నేను గెలిచాననుకున్నాను. మరునాడు కొట్టులో ఫోన్ మోగింది. నా మొగుడు "ఏమాయె" అన్నాడు. "కాలేదు" అన్నాను. ఆయన, "సరే తీ, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. అప్పుడు ఏడ్చాను, కొట్టు ఆవిడ ఎందుకని అడిగితే ఉల్లిగడ్డల మీద పెట్టాను. ఆయన ఇంకా పదకొండేళ్లు పుణెలోనే ఉన్నాడు. వచ్చేటప్పుడు ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు, కాంక్రీటు కలిపే మిషన్‌లో పోయాయి. డప్పుకు సన్న పుల్ల పట్టేది ఆ చెయ్యే. మామ ఆ పన్నెండింటి తరువాత ఇంకో డప్పు బిగించలేదు, ఊరోళ్ల గొర్రెలు కాసి బతికాడు. మా నాయన మా ఇంటికి రావడం తగ్గించి, తగ్గించి, చివరికి పోయాడు. ఆయన ఆ ఆదివారం మాట ఎన్నడూ ఎత్తలేదు. మామ కూడా ఎత్తలేదు. ఒక్క మాట కొడుకు చెవిన వేస్తే నా కాపురం ఆ రోజే చీరిన డప్పయ్యేది, అయినా వెయ్యలేదు. నేనూ నా మొగుడికి చెప్పుకోలేదు. నేను మాత్రం ఇప్పటికీ ఏ ఇంటి గుమ్మంలోనైనా తల వంచే లోపలికి పోతాను, వనపర్తిలో మా సొంత ఇంటి తలుపు ఏడడుగులున్నా సరే.

పోయిన నెల బిడ్డ రమ్మన్న ఆదివారం అదీ నేనూ అచ్చంపేట తోవలో డప్పులు చేసే ఒకాయన ఇంటికి పోయాం. ఫైబరు డప్పులు కూడా గోడకు వరసగా ఉన్నాయి, వాటికి మంటా అక్కర్లేదు, వానా అంటదట. మా బిడ్డకు తోలుదే కావాలి. ఆయన ఒకటి తెచ్చి గ్యాసు పొయ్యి మీద తిప్పి కాచి చేతికిచ్చాడు. బిడ్డ నాలుగు దెబ్బలు వేసింది, ఇల్లంతా మోగింది. "చాలు అమ్మా, ఇదే తీస్కుందం" అన్నది. నేను ఆగమని చెప్పి అరుగు మీద కూర్చున్నాను. అరగంట గడిచింది. ఆయన, "అమ్మా, జర జల్ది చూడు, ఇంకో గిరాకి వస్తుండు. ఇటియ్యి, మళ్ల కాచి ఇస్త" అని చెయ్యి చాపాడు. మా బిడ్డ డప్పును వెనక్కు తీసుకుని, "వద్దన్నా, సల్లారనియ్యి" అన్నది.

దానికి ఆ మాట ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. "తాత నీతోని ఏమన్నడే?" అని అడిగాను.

"ఆఖరికి దవాఖానల ఉన్నప్పుడు అడిగిన, డప్పు ఎట్ల ఏరాలె తాతా అని. నాకు చేసుడొచ్చు గని ఏరుడు రాదన్నడు. మీ అమ్మను తీస్కపో, సల్లారేదాంక ఆగుడు ఆమెకు దెల్సినంత ఎవరికి తెల్వదన్నడు."

"నవ్విండా?"

"లేదు. నీళ్లడిగిండు."

అది మెప్పో ఎత్తిపొడుపో నాకు తెలియలేదు. ఆడదాని చెయ్యి పడితే చీరేసిన మనిషి, నా చేతికే డప్పు పెట్టమని మనవరాలికి చెప్పి పోయాడు. డప్పు తీసుకుని వేలు మడిచి కొట్టాను. గొంతు కాస్త దిగింది కానీ పలికింది. మంచిదే, తీసుకో అన్నాను. సాయంత్రం వనపర్తి చేరేసరికి మా ఆయన వాకిట్లో కూర్చుని, మూడువేళ్ల చేత్తో చిక్కుళ్లు ఒలుస్తున్నాడు. "దొరికిందా మంచిది" అన్నాడు. దొరికిందన్నాను. తోలు చల్లారి అసలు మాట చెప్పడానికి గంట చాలు, నాకు ఇరవై రెండేళ్లు చాలలేదు.